సూర్యుడి వెంట, దివిసీమ నుంచి బెజవాడకు

మే 4వ తేదీ మధ్యాహ్నం పన్నెండు దాటిన రెండు మూడు నిమిషాలకు హంసలదీవిలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మర్నాడు ఇంచుమించు అదే వేళకు ఘంటసాల, బందరు వరసలో ఉంటాడు. 6వ తేదీకి బెజవాడ. రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ, సముద్రం మొదలు ప్రకాశం బ్యారేజీ దాకా ఉన్న డెల్టాను రెండు రోజుల్లో దాటేస్తాడు. ఆ వేగం పల్లెవెలుగు బస్సుకు ఒక లెక్క కాదు. ఈసారి డెల్టాను ఆయన వెంటే, కింది నుంచి పైకి చూడాలని బయల్దేరాను.

మాఘ పౌర్ణమికైతే హంసలదీవి సాగర సంగమంలో మునగడానికి జనం విరగబడి వస్తారు. మే నెలలో ఎవరూ రారు. వేణుగోపాలస్వామి గుడి దాటి పాలకాయతిప్ప చేరేసరికి పది గంటలయింది. ఇసుక అప్పటికే కాలుతోంది. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కనుక ఇంజను పడవలన్నీ ఒడ్డెక్కి ఉన్నాయి. పడవ నీడన కూర్చుని వల అల్లుకుంటున్న పెద్దాయనను అడిగితే మీటరు పొడవు కర్ర ఒకటి ఇచ్చాడు. అది నిలువుగా ఉందో లేదో చూసుకోవడానికి వలకు కట్టే సీసపు గుండును దారానికి వేలాడదీసి ఇచ్చాడు. గుండు పక్కనే కర్రను పాతాం.

పదకొండింటికి కర్ర నీడ జానెడు దాటి పడమటికి పడింది. తర్వాత చూస్తుండగానే కుంచించుకుపోతూ వచ్చింది. పన్నెండింటికి బొటనవేలంత కూడా లేదు. మరో రెండు నిమిషాలకు కర్ర మొదట్లో ఇసుక మీద సన్నటి చీకటి వలయం ఒకటి మిగిలింది, అంతే. నా టోపీ నీడ నా పాదాల చుట్టూ గుండ్రంగా ఉంది. నాలుగు నిమిషాలు గడిచాక నీడ తూర్పున తలెత్తింది.

"ఈ వారంలో ఇంతేనండి, నీడ కాళ్ళ కిందకి పోద్ది" అన్నాడు పెద్దాయన. "మళ్ళీ శ్రావణంలో కూడా పోద్ది గానీ, అప్పుడు ఆ మబ్బులో ఎవరు చూస్తారు?"

నేను ఇంత దూరం వచ్చింది ఆ సంగతి కోసమే. సూర్యుడు ఈ డెల్టా నెత్తి మీదికి ఏటా రెండుసార్లు వస్తాడు. మే మొదటి వారంలో పైకి వెళ్తూ ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో కిందికి దిగుతూ మరోసారి. రెండుసార్లూ అదే ఎత్తు, కిరణాలు పడే కోణమూ అదే. కానీ మొదటిసారి నేల నెర్రెలు విచ్చి ఉంటుంది, రెండోసారి మోకాలి లోతు బురదలో ఊడ్పులు జరుగుతుంటాయి.

ఇలా రెండుసార్లు రావడానికి కారణం భూమి వాలు. భూమి తిరిగే ఇరుసు నిటారుగా లేదు, 23.4 డిగ్రీలు ఒరిగి ఉంది. ఆ ఒరుగుతోనే, ఎప్పుడూ ధ్రువ నక్షత్రం వైపే గురిపెట్టి, సూర్యుడి చుట్టూ తిరుగుతుంది. జూన్‌లో ఉత్తరపు సగం సూర్యుడి వైపు మొగ్గి ఉంటుంది, డిసెంబరులో దక్షిణపు సగం. అందుకే సూర్యుడు నడినెత్తిన నిలిచే గీత కర్కట రేఖకీ మకర రేఖకీ మధ్య ఏడాది పొడవునా పైకీ కిందికీ జరుగుతుంది. కర్కట రేఖ మధ్యప్రదేశ్ మీదుగా పోతుంది. దానికి పైన ఉన్న ఢిల్లీలో సూర్యుడు ఏ రోజూ నెత్తి మీదికి రాడు. మన తెలుగు నేల అంతా ఆ రేఖకు కిందే ఉంది కనుక అన్ని ఊళ్ళకూ రెండేసి రోజులు దక్కుతాయి. తిరుపతికి ఏప్రిల్ చివర్లో, ఇచ్ఛాపురానికి మే మధ్యలో మొదటి వంతు.

ఎండాకాలంలో భూమి సూర్యుడికి దగ్గరవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి దగ్గరయ్యేది జనవరి మొదటి వారంలో, మనం భోగి మంటలకు పిడకలు పోగేసుకునే రోజుల్లో. అప్పటి దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జులై మొదట్లో అది 15.2 కోట్లకు పెరుగుతుంది. జనవరిలో మొత్తం భూమికి అందే వేడి జులైలో కంటే దాదాపు 7 శాతం ఎక్కువే. అయినా మనకు చలి. ఎందుకంటే డిసెంబరు 21న బెజవాడలో మధ్యాహ్నపు సూర్యుడు 50 డిగ్రీల ఎత్తు దాకానే ఎక్కగలడు. ఏటవాలు కిరణం ఎక్కువ నేల మీద పరుచుకుంటుంది. నడినెత్తి ఎండలో చదరపు అడుగుకు పడే వేడిలో అప్పుడు ముప్పాతిక వంతుకు కాస్త మించి అందుతుంది. పైగా పగలు పదకొండు గంటల పైన తొమ్మిది నిమిషాలే. జూన్ 21కి అది పదమూడు గంటలు దాటుతుంది. మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డ మన కుటుంబాలు భోగి జరుపుకునేది పద్నాలుగున్నర గంటల పగటితో, నడివేసవిలో. ఆ రోజున భూమి సూర్యుడికి అంత దగ్గరగా ఉండటం వాళ్ళకూ మనకూ సమానమే. ఇరుసు ఏ సగాన్ని సూర్యుడి వైపు వంచిందన్నదే తేడా.

ఆ రాత్రి కోడూరు దాటాక కరకట్ట పక్కన ఓ డాబా మీద మడత మంచం వేయించుకున్నాను. ఊళ్ళో కరెంటు పోయింది. ఆకాశం నల్లగా, శుభ్రంగా ఉంది. ఉత్తరాన ధ్రువ నక్షత్రం తాటిచెట్ల మీదుగా 16 డిగ్రీల ఎత్తున కనిపించింది. చెయ్యి చాపి పిడికిలి పట్టి కొలిస్తే పిడికిలిన్నర. ఒక ఊరి అక్షాంశం ఎంతో అక్కడ ధ్రువుడి ఎత్తు అంత. తొమ్మిదిన్నరకు దక్షిణాన సముద్రం మీద, దాదాపు అంతే ఎత్తులో, త్రిశంకు నిలువుగా లేచి నిలబడింది. నాలుగు చుక్కల ఆ గుంపు పొడుగు వైపును కిందికి పొడిగించుకుంటూ పోతే, నీళ్ళకు దిగువన కంటికి కనబడని చోట దక్షిణ ధ్రువపు గురి ఉంటుంది. భూమి ఇరుసు ఆకాశంలో ఎటు నుంచి ఎటు పోతోందో ఒకే మంచం మీద పడుకుని రెండు వైపులా చూడగలగడం నాకు గొప్ప భాగ్యమనిపించింది. మే నెల రాత్రుల్లో దివిసీమలో ఇది ఎవరికైనా దొరుకుతుంది.

మర్నాడు అవనిగడ్డ, మోపిదేవి మీదుగా చల్లపల్లి దారి పట్టాను. కాలువలు కట్టేసి ఉన్నాయి. అడుగున ఎండిన గుర్రపుడెక్క, పెచ్చులు లేచిన బురద. సార్వా వరి కోసి, ఆ పదునులోనే చల్లిన మినుము కూడా తీసేశాక నల్లరేగడి ఖాళీగా పడి ఉంది. నెర్రెల్లోకి మోచెయ్యి దాకా దిగుతుంది. ఘంటసాల చేరేసరికి సూర్యుడు ఆ ఊరి వంతుకు వచ్చాడు. రెండో శతాబ్దంలో టాలెమీ తన భూగోళంలో రాసుకున్న రేవు ఇది. ఓడలు నైరుతి గాలితో వచ్చి, గాలి తిరిగాక వెళ్ళేవి. ఇప్పుడు ఊరు సముద్రానికి దూరంగా, బౌద్ధ స్తూపపు ఇటుకల దిబ్బతో, నిశ్శబ్దంగా ఉంది.

పక్కనే కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం. కృష్ణదేవరాయలకు ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి ఆముక్తమాల్యద రాయమన్నది ఈ ఊళ్ళోనే. తెలుగులో ఋతువుల వర్ణనకు ఆ పుస్తకాన్ని మించింది లేదని నేను నమ్ముతాను. వానాకాలంలో ఇళ్ళలో పొయ్యి రాజుకోని తడిని కూడా వదలని కవి ఆయన. ఆ కావ్యానికి బీజం పడిన నేల మీద మే ఎండలో నడవడం, ఎండ సంగతి ఎలా ఉన్నా, మనసుకు బాగుంది.

గుడి ఎదుట రావిచెట్టు కింద కౌలు రైతులు కొందరు కూర్చుని ఉన్నారు. ఏ తేదీ అడిగినా వాళ్ళు కార్తెల్లోనే చెప్పారు. ఇప్పుడు నడుస్తున్నది భరణి. 25న రోహిణి వస్తుంది, రోళ్ళు పగిలే కార్తె. జూన్ 8కి మృగశిర, 22కి ఆరుద్ర. తిథులు చంద్రుడివి, కార్తెలు సూర్యుడివి. ఆయన 27 నక్షత్రాలను దాటడానికి ఒక్కోదానికి పదమూడు, పద్నాలుగు రోజులు పడుతుంది. సేద్యానికి చంద్రుడి నెలలు పనికిరావని, అధికమాసం వస్తే నెల నెలంతా జరిగిపోతుందని ఈ నేల రైతుకు ఏనాడో తెలుసు. ఆరుద్ర ప్రవేశించే రోజుకు అటూ ఇటూగానే సూర్యుడు ఉత్తరపు కొసకు చేరతాడు. పగళ్ళు ఇక పెరగవు.

అయితే ఈ కూడిక శాశ్వతం కాదు. వేగం తగ్గిన బొంగరం తల తిప్పినట్టు భూమి ఇరుసు కూడా సుమారు 26 వేల ఏళ్ళకు ఒక చుట్టు చుడుతుంది. ఆ కదలిక వల్ల నక్షత్రాల లెక్కకూ ఋతువుల లెక్కకూ మధ్య దాదాపు 72 ఏళ్ళకు ఒక రోజు ఎడం పెరుగుతుంది. 1700 ఏళ్ళ కిందట, విజయపురిలో ఇక్ష్వాకులు ఏలే కాలంలో, మకర సంక్రాంతి నాడే సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్ళేవాడు. ఇప్పుడు ఆ మలుపు డిసెంబరు 21, 22 తేదీల్లోనే అయిపోతోంది, పండుగ జనవరి 14కో 15కో వస్తోంది. మేఘనాద్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘం 1955లో నివేదిక ఇచ్చి, ఋతువులకు కట్టుబడిన జాతీయ కేలండర్‌ను సూచించింది. 1957 మార్చి 22 నుంచి అది అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ కాగితాల మీద అది ఉంది, రావిచెట్టు కింద లేదు. దానికి నాకు బాధ లేదు. కార్తెల సామెతలను రైతులు తరాల మీద, ఎవరూ చెప్పకుండానే, వానను చూసి సర్దుకుంటూ వచ్చారని నా నమ్మకం. ఇక్ష్వాకుల నాడు ఆరుద్ర మే చివర్లోనే వచ్చేది. ఆనాటి సేద్యగాడు దాని గురించి చెప్పుకున్న మాట ఈనాటిది అయి ఉండదు.

పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు. బస్సు కిటికీలోంచి చెరకు తోటలు. మనకు పగటి పొడవులో తేడా ఏడాది మొత్తం మీద రెండు గంటలు. డాలస్‌లోనో లండన్‌లోనో ఉన్నవాళ్ళకు ఇది నవ్వులాట. కానీ మొక్కలకు ఈ రెండు గంటలు చాలు. రాత్రి కాస్త పెరగగానే చెరకు వెన్ను తీస్తుంది, చామంతి మొగ్గ తొడుగుతుంది. వెనకటి సార్వా వరి రకాలు చాలావరకు అంతే. జూన్‌లో నారు పోసినా, జులైలో పోసినా, సెప్టెంబరు దాటి రాత్రులు పెరిగాకే ఈనేవి. అంటే ఆ గింజకు భూమి వాలు తెలుసు. ఇప్పటి రకాలకు ఆ పట్టింపు తగ్గింది, వాటికి రోజుల లెక్క ముఖ్యం. బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో విడుదల చేసిన బీపీటీ 5204, మనం సాంబ మసూరి అని తినేది, నూట యాభై రోజుల పంట.

6వ తేదీ మధ్యాహ్నానికి గాంధీకొండ ఎక్కాను. 1968 అక్టోబరులో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించిన 52 అడుగుల స్తూపం ఉందక్కడ. పక్కనే నక్షత్రశాల. బెజవాడలో నీడ కొలవాలంటే ఇంతకంటే మంచి శంకువు లేదు. డిసెంబరు 21 మధ్యాహ్నం అంత ఎత్తుకు 43 అడుగుల నీడ ఉత్తరానికి పడాలి. పన్నెండూ నాలుగుకు నేను చూసినప్పుడు స్తూపం నీడ దాని పాదాల్లోకే దిగిపోయి, ఒక్క అడుగు కూడా బయటికి రాలేదు. జూన్ 21కి ఆరడుగులు దక్షిణానికి పడుతుంది. మే 6 నుంచి ఆగస్టు 6 దాకా మూడు నెలలు బెజవాడలో మధ్యాహ్నపు నీడ దక్షిణం వైపే. ఆ నెలల్లో ఉత్తరపు కిటికీలోంచి ఎండ ఎందుకు వస్తోందని విసుక్కునే గృహిణులకు జవాబు ఇదే.

కొండ మీది నుంచి ఊరు తెల్లటి ఆవిరిలో ఉంది. సూర్యుడు అత్యంత ఎత్తుకు చేరేది మే 6నే అయినా ఎండ ముదిరేది నెలాఖరుకు. నేల, గోడలు, డాబాలు పగలు తాగిన వేడిని రాత్రి పూర్తిగా వదలవు. రోజుకింత మిగులు చేరుతుంది. దానికి తోడు తెలంగాణ మీదుగా వచ్చే పొడి పడమటి గాలి. ఆ లెక్కన జులైలో ఇంకా మండిపోవాలి. డాలస్‌లో ఎండలు జులై చివర, ఆగస్టు మొదట్లో ముదురుతాయి. ఇక్కడ అలా కాకుండా కాపాడేది మబ్బు. ఆ మబ్బును తెచ్చేది కూడా సూర్యుడి ఉత్తర ప్రయాణమే. ఉత్తర భారతపు నేల కాగి, గాలి తేలికై, అల్పపీడనపు ద్రోణి అక్కడికి జరుగుతుంది. దాన్ని పూరించడానికి భూమధ్యరేఖకు అవతలి నుంచి గాలులు బయల్దేరి, భూభ్రమణం వల్ల కుడికి ఒరిగి, సముద్రపు తడితో నైరుతి నుంచి వస్తాయి.

సాయంత్రం బ్యారేజీ మీద నిలబడ్డాను. సూర్యుడు ఎగువ నీళ్ళ మీద దిగాడు. డిసెంబరులో ఉండవల్లి కొండల దిక్కున అస్తమిస్తాడు. జూన్‌కు బాగా కుడికి, నది వచ్చే వైపు జరుగుతాడు. రెండు కొసల మధ్య ఎడం 49 డిగ్రీలు. రోజూ ఈ వంతెన దాటి మంగళగిరి వైపు ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు ఒక్క ఏడాది గమనిస్తే చాలు, పాఠ్యపుస్తకం అక్కర్లేదు.

ఆగస్టులో సూర్యుడు తిరుగుముఖం పట్టినప్పుడు నేనూ కిందికి బయల్దేరాను. 6వ తేదీన గాంధీకొండ మీద నీడే లేదు, ఎండ ఉంటే కదా. పన్నెండుంబావు ప్రాంతంలో మబ్బు వెనక కాస్త తెల్లటి మచ్చ, అంతే. బ్యారేజీకి వరద వస్తోంది. 2024 సెప్టెంబరు మొదట్లో ఇదే బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చి, అవతల బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్ మునిగిన సంగతి బస్సులో పక్క సీటు ఆవిడ చెప్పింది. మబ్బును చూస్తూ గొంతు తగ్గించి చెప్పింది. బందరు కాలువ నిండుగా పోతోంది. చల్లపల్లి దాటాక రెండు వైపులా బురద వాసన. ప్లాస్టిక్ కవరు కొప్పెర్లు కప్పుకున్న ఆడవాళ్ళు వరసగా వంగి ఊడ్పులు వేస్తున్నారు. వేళ్ళ మధ్య మూడు నాలుగు మొక్కలు విడదీసి, బొటనవేలితో బురదలోకి నొక్కి, చెయ్యి పైకి వచ్చేలోగా తర్వాతి దుబ్బు సిద్ధం. మే నెలలో మోచెయ్యి దిగిన నెర్రెల జాడ కూడా లేదు. నడినెత్తిన ఉన్నది అదే సూర్యుడు.

పులిగడ్డ అక్విడక్టు మీదుగా కాలువ నీరు నది దాటి దివిసీమలోకి పోవడం కాసేపు చూశాను. అక్కడ దొరికారు నాగాయలంక వైపు శివారు భూములు చేసే ఒక రైతు. అరవై దాటి ఉంటాయి. వాన సంగతి అడిగితే ఆయన నవంబరు సంగతి చెప్పారు. సూర్యుడు దక్షిణానికి దిగిపోయాక కూడా బంగాళాఖాతం చల్లబడదు. నేల కంటే నీరు నెమ్మదిగా కాగుతుంది, నెమ్మదిగానే ఆరుతుంది. వెనక్కి జరిగే ద్రోణి ఆ వెచ్చటి నీళ్ళ మీదికి వచ్చినప్పుడు తుఫాన్లు పుడతాయి. 1864 నవంబరు 1న బందరులో దాదాపు 30 వేల మంది పోయింది అలాంటి తుఫానులోనే. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి అయిదు మీటర్ల ఉప్పెన వచ్చినప్పుడు పదివేల మంది పోయారు. ఆ రైతుకు అప్పుడు చదువుకునే వయసు. ఇంట్లో ఎవరు మిగిలారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

"పైనుంచి నీళ్ళు ఎప్పుడొదిలితే అప్పుడే మాకు ఆకుమడి బాబూ" అన్నారు. "పట్టిసీమ వచ్చాక గోదావరి నీళ్ళు కాస్త ముందే దిగుతున్నాయి. మాకు చేరేసరికి మాత్రం ఆలస్యమే. మీరే లెక్కేయండి, ఆరుద్ర వచ్చిన రోజున సాంబ నారు పోస్తే కోత ఎప్పటికి?"

జూన్ 22కి నూట యాభై రోజులు కలిపాను. నవంబరు 19 వచ్చింది.

"అందుకే మృగశిరలో పోసుకోవాలంటాను. లేదంటే నూట ముప్పై రోజుల రకం వెదజల్లుకోవాలి" అంటూ ఆయన సైకిల్ స్టాండు తీశారు. వచ్చే ఏడు జూన్ మొదటి వారానికే శివారుకు నీళ్ళివ్వాలని ఊరంతా సంతకాలు పెట్టిన అర్జీ ఆయన చొక్కా జేబులో ఉంది. దాన్ని ఇవ్వడానికి అవనిగడ్డ వెళ్తున్నారు.